ఆస్కార్ ఆకుపచ్చేనా? పిల్లల టీవీ వికీల్లో దిద్దుబాటు పని

అమెరికన్ పిల్లల టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్‌లో చెత్తడబ్బాలో కాపురముండే తోలుబొమ్మ ఆస్కార్ ద గ్రౌచ్ ఏ రంగు అని ఎవరినడిగినా ఆకుపచ్చ అనే చెబుతారు. అందుకే ఎవరైనా దిద్దగలిగే అభిమానుల వికీలో, మొదటి సీజన్ పేజీలో "నారింజ రంగు ఆస్కార్" అని కనబడగానే కొత్తగా ఖాతా తెరిచినవాళ్లకు చెయ్యి ఊరుకోదు. నారింజ తీసేసి ఆకుపచ్చ అని రాసి భద్రపరుస్తారు. కాసేపట్లోనే ఎవరో ఆ మార్పును రద్దు చేస్తారు. ఎందుకంటే 1969లో మొదలైన తొలి సీజన్‌లో ఆస్కార్ నిజంగానే నారింజ రంగులో ఉన్నాడు. రెండో సీజన్ నుంచే ఆకుపచ్చ అయ్యాడు.

దిద్దినవాళ్లు అబద్ధం రాయలేదు, తమకు గుర్తున్నది రాశారు. పిల్లల టీవీ మీద నడిచే విజ్ఞాన సర్వస్వాల్లో చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ విషయం గురించి అందరికీ ఏదో ఒకటి గుర్తుంటుంది. అదంతా నాలుగేళ్ల వయసులో, నేల మీద కూర్చుని, సగం నిద్రలో చూసింది. ఇక్కడ పనిచేసేవాళ్లు నేర్చుకునే మొదటి విద్య తమకు గుర్తున్నదాన్ని పక్కన పెట్టడం.

ఈ సర్వస్వాలు దాదాపు అన్నీ వికీలే. వికీపీడియాను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేరే వీటికీ పునాది. జిమ్ హెన్సన్ తోలుబొమ్మలైన మపెట్ల గురించి బాగా పేరున్న మపెట్ వికీ 2005 డిసెంబరులో మొదలైంది. అది ఉన్న వేదిక 2004లో వికీసిటీస్‌గా పుట్టి, 2006లో వికియా అయి, 2016 నుంచి ఫ్యాండమ్ అనే పేరుతో నడుస్తోంది. కొన్ని వికీలు ఇలాంటి వేదికల నుంచి బయటికొచ్చి సొంత సర్వర్ పెట్టుకున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్స్ వికీ 2008లో అలాగే వెళ్లిపోయింది. అలా వెళ్లినప్పుడు పాత చిరునామాలో పాత ప్రతి అలాగే ఉండిపోతుంది. వెతికినప్పుడు రెండూ కనబడతాయి. చేరే ముందు "ఇటీవలి మార్పులు" పేజీ తెరిచి చూడండి. ఆఖరి దిద్దుబాటు జరిగి నెలలు గడిచిపోతే అది ఎవరూ లేని ఇల్లు. అక్కడ మీరు పొరపాటు రాసినా సరిచేసే మనిషి ఉండడు.

వికీపీడియాలో ముందే అలవాటున్నవాళ్లు ఇక్కడ ఒక తేడా గమనించాలి. అక్కడ ఒక విషయానికి పేజీ ఉండాలంటే దాని గురించి ఇతరులు తగినంత రాసి ఉండాలి. రెండు నిమిషాల స్కెచ్‌లో ఒక్కసారి కనబడి మాయమైన తోలుబొమ్మకు అక్కడ పేజీ నిలవదు. ఇక్కడ నిలుస్తుంది, అసలు ఇలాంటి వికీ పుట్టిందే అందుకు. ఎపిసోడ్‌నే ఆధారంగా చూపించడం కూడా ఇక్కడ చెల్లుతుంది. కానీ ఎపిసోడ్ సాక్ష్యం చెప్పేది కంటికి కనబడినదానికి, చెవికి వినబడినదానికి మాత్రమే. "ఈ దృశ్యంలో బిగ్ బర్డ్ గొడుగు పట్టుకున్నాడు" అని రాయడానికి ఎపిసోడ్ చాలు. "ఈ గొంతు ఫలానా కళాకారుడిదే" అని రాయడానికి చాలదు. గొంతు పోలిక ఆధారం కాదు. పోలిక చూసి రాసిన పేర్లే ఏళ్ల తరబడి తప్పుగా నిలిచిపోతుంటాయి, ఎందుకంటే వాటిని ఖండించడానికి కూడా ఎవరి దగ్గరా ఆధారం ఉండదు.

జ్ఞాపకం ఎంత దూరం తీసుకెళ్తుందో రెండు ఉదాహరణలు చూద్దాం. గోడ మీది పగుళ్లు జంతువులుగా మారి ఒక పిల్లను తమ వెంట తీసుకెళ్లే చిన్న యానిమేషన్ ఒకటి 1970ల నడుమ సెసమీ స్ట్రీట్‌లో వచ్చింది. ఎంతోమందికి అది గుర్తుంది, భయపడ్డామని చెప్పేవారు, కానీ ఎవరి దగ్గరా వీడియో లేదు. కొందరు అదంతా కల్పన అని కొట్టిపారేశారు. చివరికి 2013లో అది ఆన్‌లైన్‌లో దొరికింది. అంటే అక్కడ జ్ఞాపకమే గెలిచింది. రెండోది దీనికి తిరగేసి. సెసమీ స్ట్రీట్ బొమ్మల జంట బర్ట్, ఎర్నీ పేర్లు 1946 నాటి "ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్" సినిమాలోని పోలీసు, టాక్సీ డ్రైవర్ పేర్ల నుంచి వచ్చాయని అందరూ నమ్ముతారు. సినిమాలో ఆ పేర్లు ఉన్న మాట నిజమే. కానీ అది యాదృచ్ఛికమని మపెట్ల రచయిత జెర్రీ జుల్ స్వయంగా చెప్పారు. కుకీ మాన్‌స్టర్ కుకీలు మానేసి కూరగాయల మాన్‌స్టర్ అయిపోయాడన్న పుకారు 2005 ప్రాంతంలో పుట్టింది, ఇప్పటికీ ఎవరో ఒకరు తెచ్చి పేజీలో పెడుతూనే ఉంటారు. వాడు కుకీలు మానలేదు, కూరగాయలూ తింటున్నాడు, అంతే. ఇలాంటి పుకార్లను తుడిచేస్తే మళ్లీ మొలుస్తాయి. "ఇలా ప్రచారంలో ఉంది, కానీ ఫలానా ఆధారం ప్రకారం నిజం కాదు" అని పేజీలోనే ఒక వాక్యం రాసి ఉంచితే నిలబడుతుంది.

ఇక అసలు ముడి దగ్గరికి వద్దాం. ఎపిసోడ్ అంటే ఏమిటి?

బయటి నుంచి చూస్తే ఇది ప్రశ్నే కాదు. పని మొదలుపెట్టాక అన్ని గొడవలూ దీని దగ్గరే తేలతాయి. టామ్ అండ్ జెర్రీ తీసుకోండి. హన్నా, బార్బెరా 1940 నుంచి 1958 దాకా తీసినవి 114, జీన్ డైచ్ తీసినవి 13, చక్ జోన్స్ హయాంలో వచ్చినవి 34, మొత్తం 161. ఇవన్నీ సినిమా హాళ్ల కోసం తీసిన లఘుచిత్రాలు. టీవీలో మూడేసి కలిపి అరగంట కార్యక్రమంగా వేశారు కాబట్టి చూసినవాళ్లకు ఆ అరగంటే ఒక ఎపిసోడ్. పైగా 1960ల్లో టీవీ కోసం కొన్నింటిలో పనిమనిషి పాత్రను తిరిగి గీశారు, గొంతు మార్చారు. కాబట్టి "విడుదల తేదీ" గడిలో హాలు తేదీ వేయాలి, టీవీ ప్రతి వేరే అయితే ఆ సంగతి విడిగా రాయాలి. రెండింటినీ ఒకే గడిలో కుక్కితే ఎవరికీ పనికిరాదు.

డోరేమాన్‌ది ఇంకో రకం గందరగోళం. ఆ పేరుతో మూడు ధారావాహికలు ఉన్నాయి. నిప్పాన్ టీవీలో 1973 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చినది ఒకటి, టీవీ అసాహిలో 1979 ఏప్రిల్‌లో మొదలైనది ఇంకొకటి, అదే చానల్‌లో 2005 ఏప్రిల్ 15 నుంచి కొత్త గొంతులతో వస్తున్నది మూడోది. 1979 నుంచి 2005 దాకా డోరేమాన్ గొంతు నోబుయో ఓయామా, ఆ తర్వాత వసాబి మిజుతా. "డోరేమాన్ 12వ ఎపిసోడ్" అని పేజీ పేరు పెడితే ఏ డోరేమాన్ అన్నది తేలదు. ఇలాంటి చోట పేజీ పేరులోనే కుండలీకరణంలో సంవత్సరం పెట్టి, మామూలు పేరుకు అయోమయ నివృత్తి పేజీ, అంటే ఏది కావాలో ఎంచుకునే జాబితా, చేస్తారు. ఒక్కో ప్రసారంలో రెండు చిన్న కథలు ఉంటే సంఖ్య ప్రసారానికా, కథకా అన్నది ఆ వికీ ముందే తేల్చుకుని ఉంటుంది. చేరినవాళ్లు ఆ నిర్ణయాన్ని వెతికి పట్టుకోవాలి, మధ్యలో తమ పద్ధతి దూర్చకూడదు. సగం పేజీలు ఒక లెక్క, సగం మరో లెక్క అయితే బాగుచేయడానికి నెలలు పడుతుంది.

అనువాదాన్నీ, సొంత నిర్మాణాన్నీ కలిపేయడం మరో మామూలు పొరపాటు. 2006లో మన దేశంలో మొదలైన గలీ గలీ సిమ్ సిమ్ సెసమీ స్ట్రీట్‌కు డబ్బింగ్ కాదు, చమ్కీ, గూగ్లీ, బూంబా వంటి సొంత పాత్రలున్న సహనిర్మాణం. జర్మనీలో సెసమ్‌స్ట్రాసె 1973లో అమెరికన్ ఎపిసోడ్ల డబ్బింగ్‌గానే మొదలై, 1978 నుంచి సొంత వీధితో నడిచింది. అంటే ఒకే కార్యక్రమం పేజీలో ఒక ఏడాదికి ముందు ఒక మాట, తర్వాత మరో మాట రాయాలి.

సంఖ్యలకు కూడా చరిత్ర ఉంటుంది. సెసమీ స్ట్రీట్ తొలి సీజన్‌లో 130 ఎపిసోడ్లు. ఒకటి నుంచి మొదలైన వరుస సంఖ్య సీజన్ మారినా ఆగకుండా పెరుగుతూ పోయింది. తర్వాతి కాలంలో పద్ధతి మార్చి, మొదటి రెండు అంకెల్లో సీజన్‌ను చూపించారు. 46వ సీజన్ 4601తో మొదలవుతుంది. ఇది తెలియని మనిషి 4601 అంటే నాలుగు వేల ఆరు వందల ఎపిసోడ్లు అయిపోయాయని లెక్క కట్టి, మొత్తం ఎపిసోడ్ల గడిలో ఆ సంఖ్య వేసేస్తాడు. మధ్యలో వాడకుండా వదిలేసిన సంఖ్యల సంగతి వాళ్లకు తట్టదు.

వీటన్నిటికంటే ఓపిక పరీక్షించేది ఇన్సర్ట్. సెసమీ స్ట్రీట్ గంటసేపు నడిచిన రోజుల్లో వీధి కథ ఒకటుండేది, దాని మధ్య మధ్యలో బొమ్మల స్కెచ్‌లు, యానిమేషన్లు, చిన్న ఫిల్ములు దూర్చేవారు, ఇన్సర్ట్‌లంటే అవే. ఒకసారి తీసిన ఇన్సర్ట్‌ను పదేళ్లపాటు పదుల ఎపిసోడ్లలో తిప్పి తిప్పి వాడారు. మరి ఆ ఇన్సర్ట్ మొదట ఎప్పుడు వచ్చింది? మీ దగ్గరున్నది 1981 ఎపిసోడ్ అయితే అందులో అది ఉందని మాత్రమే తెలుసు. 1975లో కూడా వచ్చి ఉండవచ్చు. అందుకే మపెట్ వికీలో "మొదటి ప్రసారం" అనే మాటకు, "ఇంతవరకు తెలిసిన మొదటి ప్రసారం" అనే మాటకు తేడా పాటిస్తారు. రెండోదానికి ఈకేఏ అనే పొట్టి పేరు పెట్టుకున్నారు. రేపు ఇంకా పాత ఎపిసోడ్ దొరికితే ఈకేఏ వెనక్కి జరుగుతుంది, ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు. మొదటి ప్రసారం అని రాసి ఉంటే మాత్రం అది తప్పు రాసినట్టు. చూడటానికి ఒక మాట తేడా, కానీ ఈ వికీలు కనిపెట్టిన పద్ధతుల్లో ఇంతకంటే మంచిది లేదనిపిస్తుంది.

తేదీ తెలియని టేపు చేతికొచ్చినప్పుడు కాలం కట్టడం ఒక కళ. వీధి దృశ్యాల్లో గార్డన్ పాత్రధారిని చూడండి. ప్రసారానికి ముందు 1969లో తీసిన పరీక్షా ఎపిసోడ్లలో ఒకరు, మొదటి మూడు సీజన్లలో మ్యాట్ రాబిన్సన్, తర్వాతి రెండు సీజన్లలో హాల్ మిల్లర్, 1974 నుంచి రోస్కో ఓర్మన్. ముఖం చూస్తే సీజన్ పరిధి తేలిపోతుంది. బిగ్ బర్డ్ ఊహించుకున్న స్నేహితుడని అందరూ అనుకున్న స్నఫీ ఊహ కాదు, నిజంగానే ఉన్నాడని పెద్దవాళ్లు కళ్లారా చూసింది 2096వ ఎపిసోడ్‌లో, 1985 నవంబరు 18న. వాళ్లు అతనితో మామూలుగా మాట్లాడుతున్నారంటే టేపు ఆ తర్వాతిది. ఆఖర్లో వచ్చే సంస్థ పేరూ పనికొస్తుంది. చిల్డ్రన్స్ టెలివిజన్ వర్క్‌షాప్ 2000లో సెసమీ వర్క్‌షాప్ అయింది.

క్రెడిట్ల అడుగున రోమన్ అంకెల్లో ఉండే సంవత్సరాన్ని ఒకటికి రెండుసార్లు చదవండి. ఎం, సి, ఎం, ఎల్, ఎక్స్, ఎక్స్, ఐ, ఎక్స్ అని ఉంటే వెయ్యి, తొమ్మిది వందలు, యాభై, ఇరవై, తొమ్మిది, అంటే 1979. పాత టేపులో ఒక ఎక్స్ మసకబారితే 1969 అయిపోతుంది. అదంతా సరిగ్గా చదివినా అది కాపీరైట్ సంవత్సరమే, ప్రసార సంవత్సరం కాదు. శరదృతువులో మొదలై వసంతం దాకా సాగే సీజన్‌కు అంతటికీ ఒకే కాపీరైట్ సంవత్సరం పడి ఉండవచ్చు.

తేదీల విషయంలో మరో ఉచ్చు అంకెల వరుస. అమెరికన్ జాబితాలో 11/10/1969 అని ఉంటే అది నవంబరు 10, సెసమీ స్ట్రీట్ తొలి ప్రసారం రోజు. రోజు ముందు రాసే అలవాటున్నవాళ్లు అక్టోబరు 11 అని చదువుతారు. రోజు 12 దాటితే తప్పు వెంటనే దొరుకుతుంది, దాటకపోతే ఎవరికీ అనుమానం రాదు. అందుకే నెలను ఎప్పుడూ అక్షరాల్లో రాయండి.

ఆధారాల్లోనూ తరతమాలు ఉన్నాయి. బీబీసీ కార్యక్రమాలకు 2014లో తెరిచిన జీనోమ్ భాండాగారం గొప్ప నిధి, 1923 నుంచి 2009 దాకా రేడియో టైమ్స్ పత్రికలో అచ్చయిన జాబితాలు అందులో ఉన్నాయి. కానీ అవి ముందుగా అచ్చయిన జాబితాలు. ఆ రోజు పెద్ద వార్త వచ్చి పిల్లల కార్యక్రమం రద్దయితే జాబితాకు తెలియదు. అవి చెప్పేది ప్రణాళిక, జరిగినది కాదు. అమెరికా వైపు చూస్తే సెసమీ వర్క్‌షాప్ దాదాపు 4,500 ఎపిసోడ్లను ప్రజా ప్రసారాల భాండాగారానికి ఇస్తున్నట్టు 2019లో ప్రకటించింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, బోస్టన్‌లోని జీబీహెచ్ టీవీ సంస్థ (2020 దాకా డబ్ల్యూజీబీహెచ్) కలిసి దాన్ని నడుపుతున్నాయి. వాడుకరులే నింపే సినిమా, టీవీ జాబితాలు మాత్రం ఆధారాలు కావు. వికీలో ఎవరో ఊహించి రాసిన తేదీ అక్కడికి ఎక్కుతుంది, ఆరు నెలల తర్వాత ఇంకొకరు అదే జాబితాను చూపించి వికీలో మూలంగా ఇస్తారు. తన తోకను తానే మింగే పాము ఇది. పేజీ చరితం, అంటే ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే జాబితా, తెరిచి, ఆ తేదీ పేజీలోకి మొదట ఏ రోజు వచ్చిందో చూస్తే ఎవరు ఎవరి నుంచి తెచ్చుకున్నారో తేలుతుంది.

పనిలోకి దిగే పద్ధతి ఇదీ. ఖాతా తెరవండి, వాడుకరి పేరులో సొంత పేరు గానీ పుట్టిన సంవత్సరం గానీ పెట్టకండి. మొదటి వారం కొత్త పేజీ జోలికి పోకుండా, ఉన్న పేజీల్లో అచ్చుతప్పులు, తెగిన లింకులు సరిచేయండి. ఏదైనా పెద్దది రాయాలనుకుంటే మీ ప్రయోగశాల (శాండ్‌బాక్స్) పేజీలో రాసి మునుజూపు (ప్రివ్యూ) చూసుకోండి. దిద్దుబాటు సారాంశం గడిని ఖాళీగా వదలొద్దు. "తేదీ మార్చాను" అన్న సారాంశం వల్ల లాభం లేదు, మార్చారని పాత, కొత్త కూర్పుల తేడాలోనే కనబడుతుంది. "క్రెడిట్ల ప్రకారం తేదీ దిద్దాను, 27వ నిమిషం" అని రాస్తే ఆ తర్వాత వచ్చేవాళ్లు పది సెకన్లలో సరిచూసుకుంటారు. చర్చ పేజీలో రాసినప్పుడు చివర నాలుగు ~ గుర్తులు పెడితే మీ సంతకం, సమయం వాటంతటవే పడతాయి. వ్యాసంలో మాత్రం సంతకం పెట్టకూడదు.

చాలా పేజీల్లో పైన కుడివైపు కనబడే పెట్టె ఒక మూస (టెంప్లేట్). ఉదాహరణకు ఇలా ఉంటుంది:

{{ఎపిసోడ్ |సంఖ్య=0847 |ప్రసారం=1976 ఫిబ్రవరి 10 |సీజన్=7}}

చివరి రెండు బ్రాకెట్లలో ఒకటి ఎగిరిపోతే పెట్టె కాస్తా పేజీ నిండా ముడి అక్షరాలుగా విరజిమ్ముకుంటుంది. గడి పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా, "ప్రసారం" బదులు "ప్రసార" అని రాసినా, పొరపాటు సందేశం ఏదీ రాదు, ఆ గడి కనబడదంతే. ఇంకోటి, ఎక్కువమందిని బోల్తా కొట్టించేది: పేరు లేని గడిలో వెబ్ చిరునామా పెడితే, ఆ చిరునామాలో సమానం గుర్తు ఉన్నప్పుడు దాని ముందున్నదంతా గడి పేరు అనుకుని మూస ఆ చిరునామాను మింగేస్తుంది. ముందు 1= అని చేర్చితే సర్దుకుంటుంది. అన్నట్టు, పై మూసలో ఉన్న 847వ ఎపిసోడ్‌కు తనదైన కథ ఉంది. "ద విజార్డ్ ఆఫ్ ఆజ్" సినిమా నటి మార్గరెట్ హామిల్టన్ అందులోని మంత్రగత్తె వేషంలో వచ్చింది ఈ ఎపిసోడ్‌లోనే. పిల్లలు భయపడుతున్నారని పెద్దలు ఉత్తరాలు రాయడంతో మళ్లీ వేయలేదు. 2022లో ఆన్‌లైన్‌లో బయటపడేదాకా ఆ పేజీలో ఏం రాయవచ్చు, ఏం రాయకూడదు అన్నదే పెద్ద చర్చ.

పేజీ పేరు మార్చాలంటే "తరలించు" వాడండి. పాత పేజీలోని పాఠ్యాన్ని కాపీ చేసి కొత్త పేరుతో అతికించడం సులువుగా కనబడుతుంది కానీ చరితం పాత పేజీలోనే ఉండిపోతుంది, ఎవరు ఏది రాశారన్నది తెగిపోతుంది. ఈ వికీల్లో పాఠ్యం సాధారణంగా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటుంది, రాసినవాళ్ల పేరు చెప్పాలి అన్నది అందులోని షరతు. కాబట్టి ఇది మర్యాద సమస్య మాత్రమే కాదు. వికీపీడియా నుంచి పేరాలు తెచ్చేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. వికీపీడియా 2023 జూన్‌లో ఆ లైసెన్సు 4.0 కూర్పుకు మారింది. ఫ్యాండమ్‌లో ఎక్కువ వికీలు 3.0 మీదే ఉన్నాయి. 3.0 పాఠ్యం 4.0లోకి వెళ్లగలదు, 4.0 పాఠ్యాన్ని 3.0 అని చెప్పి పెట్టడం కుదరదు. మీ మాటల్లో రాసి, అదే మూలాన్ని ఇచ్చేస్తే ఈ తలనొప్పి ఉండదు.

తెరపట్టుల (స్క్రీన్‌షాట్ల) విషయానికొస్తే, ఈ వికీల్లో కుకీ మాన్‌స్టర్ కొన్ని పేజీల్లో మరీ లావుగా కనబడటానికి కుకీలు కారణం కాదు. అమెరికన్ డీవీడీలో చిత్రం 720×480 చుక్కలుగా భద్రపరిచి ఉంటుంది, తెర మీద అది 4:3 నిష్పత్తిలో, అంటే 640×480గా కనబడాలి. సరిచేయకుండా పెడితే బొమ్మ ఎనిమిదో వంతు వెడల్పెక్కుతుంది. యూరప్ డీవీడీలో తిరగబడుతుంది. 720×576ను 768×576కు సాగదీయాలి, లేకపోతే అందరూ కొంచెం బక్కచిక్కుతారు. పాత వీడియోలో కదిలే చెయ్యి అంచున దువ్వెన పళ్ల లాంటి గీతలు వస్తే అది ఇంటర్లేసింగ్, అంటే ఒక్కో ఫ్రేమును సరి, బేసి గీతలుగా విడదీసి చూపే పాత పద్ధతి. వీఎల్‌సీ ప్లేయర్ వీడియో మెనూలో డీఇంటర్లేస్ ఆన్ చేసి, ఇంగ్లిష్ ఐదో అక్షరం మీట నొక్కుతూ ఒక్కో ఫ్రేమ్ జరుపుకుంటూ పోతే కదలిక లేని క్షణం దొరుకుతుంది. బొమ్మను మొదట పీఎన్‌జీగా దాచుకుని, అన్నీ సరిచేశాక ఒక్కసారి మాత్రమే జేపెగ్ చేయండి. జేపెగ్‌ను తెరిచి మళ్లీ జేపెగ్‌గా దాచిన ప్రతిసారీ బొమ్మల బొచ్చు మట్టిముద్దలా మారుతుంది.

యూరప్ ప్రతులకు నిడివి సమస్య కూడా ఉంది. సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మ్‌ను అక్కడ 25 చొప్పున నడిపిస్తారు కాబట్టి 22 నిమిషాల కార్టూన్ 21 నిమిషాల 7 సెకన్లలో అయిపోతుంది, గొంతులూ కాస్త పల్చబడతాయి. దాన్ని చూసి "ఈ ప్రతిలో 53 సెకన్లు కత్తిరించారు" అని రాసినవాళ్లున్నారు. కత్తిరింపు అని రాయాలంటే ఏ దృశ్యం లేదో చూపించాలి.

కళాకారుల పేర్ల దగ్గర "ఎవరు చేశారు" కంటే "ఎప్పటి నుంచి ఎప్పటి దాకా" ముఖ్యం. మపెట్లలో కప్ప కెర్మిట్‌ను 1990లో మరణించేదాకా జిమ్ హెన్సన్ ఆడించారు, తర్వాత 2016 దాకా స్టీవ్ విట్‌మైర్, 2017 నుంచి మ్యాట్ వోగెల్. 1988 స్కెచ్ పేజీలో ప్రస్తుత కళాకారుడి పేరు కనబడితే అది ఎవరో పాత్ర పేజీలోని పెట్టెను చూసి నింపినదే. క్రెడిట్లలో పేరు లేకపోతే గడి ఖాళీగా ఉంచండి. కథను వర్తమానంలో రాస్తారు, నిర్మాణ విషయాలను భూతకాలంలో: ఆస్కార్ ఎప్పుడూ డబ్బాలోనే ఉంటాడు, అతని రంగును 1970లో మార్చారు.

విధ్వంసంలో బూతులు రాసేవాళ్లతో పెద్ద బాధ లేదు, నిమిషంలో కనబడతారు. బాధంతా తేదీలు జరిపేవాళ్లతోనే. 1987ను 1978 చేస్తారు, తర్వాతి పేజీలో నవంబరు 12ను 21 చేస్తారు, సారాంశం రాయరు. ఒక్క మార్పు చూస్తే దిద్దుబాటులాగే ఉంటుంది. అనుమానం వచ్చినప్పుడు ఆ ఖాతా రచనల జాబితా తెరవండి. పావుగంటలో సంబంధం లేని ఎనిమిది కార్యక్రమాల తేదీలు, ఒక్క మూలం కూడా లేకుండా మారి ఉంటే ఇక ఆలోచించనక్కర్లేదు. రద్దు చేసి, నిర్వాహకులకు చెప్పండి. వచ్చే ఏడాది కొత్త సీజన్ అంటూ ఊహించిన ఎపిసోడ్ల పేర్లతో సహా పేజీ చేసేవాళ్లు మరో రకం. వాళ్లలో ఎక్కువమందిది దురుద్దేశం కాదు, ఇష్టం. అభిమానుల కల్పనలకు వేరే వికీలు ఉన్నాయని దారి చూపిస్తే వెళ్తారు. నిజంగా అభిప్రాయభేదం అయితే ఒకసారి రద్దు చేశాక చర్చ పేజీకి వెళ్లండి. ఒకే పేజీని 24 గంటల్లో మూడుసార్లకు మించి వెనక్కి తిప్పకూడదన్నది వికీపీడియా నియమం, చాలా వికీలు అదే కొలత వాడతాయి.

పిల్లల టీవీ వికీలోకి పిల్లలూ వస్తారు. 13 ఏళ్లు నిండనివాళ్ల వివరాల సేకరణపై అమెరికాలో 1998 నాటి చట్టం ఉంది కాబట్టి అక్కడి వేదికలు చాలావరకు వాళ్లకు ఖాతాలు ఇవ్వవు. అయినా వయసు తప్పుగా చెప్పి చేరేవాళ్లు ఉంటారు. ఎవరైనా తమ వాడుకరి పేజీలో వయసు, బడి పేరు, ఊరు రాసుకున్నట్టు కనబడితే ఆ వాక్యాన్ని మీరు తుడిచేసి వదిలేయకండి. తుడిచినా చరితంలో ఉంటుంది, తేడా లింకు నొక్కినవాళ్లందరికీ కనబడుతుంది. సారాంశంలో "వయసు తీసేశాను" అని రాస్తే చూడనివాళ్లను కూడా పిలిచి చూపించినట్టవుతుంది. చర్చ పేజీలో ఎత్తినా అంతే. నిర్వాహకులకు బయటికి కనబడని దారిలో, ఈమెయిల్‌లోనో వేదిక ఇచ్చిన ఫిర్యాదు ఫారంలోనో, ఆ కూర్పు లింకు పంపండి. కూర్పును చరితంలో కనబడకుండా దాచే మీట వాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లు దాచాక లాగిన్ కాని బ్రౌజరులో ఆ లింకు మరోసారి తెరిచి చూడండి.